తిండి కింద రాసిన విత్తనాలు

ఇన్నేళ్లూ దీన్ని కడుపులో పెట్టుకునే తిరిగాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చిలకమ్మ ఊరి విత్తనాలను తిండి కింద రాసింది నేనే. పొరపాటున కాదు. కుళ్లుతో.

తొంభైల చివర్లో పెదబయలు వైపు కొండ ఊళ్లలో ఒక సంస్థ సర్వే చేయించింది. దారి తెగిపోతే ఏ ఊరు ఎన్నాళ్లు తన తిండితో తాను నిలబడగలదో మేం రాయాలి. నిలబడలేని ఊళ్లకు ముందుగానే బియ్యం, మందులు చేరుస్తారు. నేను సాలూరు నుంచి డిగ్రీ చదివి వచ్చినదాన్ని. నాతో తిరిగిన చిలకమ్మ కొండ పిల్ల, చదివింది పదో తరగతి. నన్ను చూసి తలుపు చాటుకి తప్పుకునే ఆడవాళ్లు ఆ పిల్లకి చాప వేసేవాళ్లు. ఏ ఊట వేసవిలో ఎండదో, రోగిని డోలీలో ఎవరు మోస్తారో అన్నీ అడక్కుండానే చెప్పేవాళ్లు. వచ్చే ఏడు సర్వే అంతా నువ్వే చూసుకోవాలమ్మా అని మా సారు నా ఎదుటే ఆ పిల్లతో అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం నవ్వాను.

చివరగా ఆ పిల్ల ఊరికే వెళ్లాం. ప్రతి ఇంట్లో పేడతో అలికిన వెదురు గాదె, నిండా చోళ్లు, అదే రాగులు. చిలకమ్మ నాతో అంది:

"అవి తిండి గాదక్కా, ఇత్తనాలు. పండగలో దేవతకి సూపించినవి. పేనం పోతన్నా ముట్టం."

నివేదిక తిరగరాసే పని నాది. వాటిని తిండిలో కలిపేశాను. ఊరు నిలబడుతుందని రాసి, సర్వే చేసినవారి పేరు దగ్గర చిలకమ్మ పేరొక్కటే పెట్టాను. సారు తప్పు పట్టుకుని ఆ పిల్లని తిడతాడు, అంతే అనుకున్నానా? ఊరు పస్తులుంటుందన్న ఆలోచన రాలేదా? వచ్చింది. అయినా కలం ఆపలేదు.

ఆ వేసవి చివర తుఫానుకి కొండచరియలు విరిగిపడి ఘాట్ రోడ్డు తెగిపోయింది. ఆ ఊళ్లో బియ్యం లేవు. పిల్లల ఏడుపు చూడలేక గాదెలు విప్పారు. తొలకరికి చల్లడానికి గింజ లేక సగం ఊరు కూలికి కొండ దిగింది. కాగితం మీద పేరు తెలిసి, ఊరు చిలకమ్మని వెలేసినంత పని చేసింది.

ఒకరోజు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, అవి ఇత్తనాలని నీకు సెప్పడం మరిసిపోనానేటి?"

"చెప్పినట్టు గుర్తులేదే," అన్నాను.

"అయితే తప్పు నాదేనక్కా."

సర్వే పని మానేసింది. ఆ ఉద్యోగం నాకే వచ్చింది. అప్పుడు కూడా, అంత జరిగాక కూడా, ఊళ్లల్లో ఆడవాళ్లు నన్ను చూసి చిలకమ్మ రాలేదేటి అని అడిగితే నాకు మంటగానే ఉండేది. ఎలాంటి మనిషిని నేను?

క్షమించమని అడగడం లేదు. అది మీరివ్వగలిగింది కాదు. ఈ ఒక్క మాట బయటికి అంటే చాలు, ఊపిరాడుతుంది. చెప్పావమ్మా చిలకమ్మా. ఆరోజు స్పష్టంగా చెప్పావు. నేను విన్నాను.