నూనె వేయని గేటు

ఆ వీధిలో ఆయన్ని డబ్బాలాయన అంటారు, ఇళ్ళలో పెట్టుకునే స్పీకర్లు చేస్తాడు కాబట్టి. చెక్క కోసి పెట్టె బిగించడం, పాట పెట్టి విని ధ్వని సరిచెయ్యడం ఆయన వంతు. లోపలి తీగలు సోల్డరింగ్ చెయ్యడం ఆవిడ వంతు. అలా ఆవిడ డబ్బాలావిడ అయింది. పెళ్ళినాటికి ఆ వేడి కడ్డీని ఎటు పట్టుకోవాలో తెలియని మనిషి, ఇప్పుడు కబుర్లు చెబుతూనే అతికేస్తుంది.

పని గదిలో ఒక చేతుల కుర్చీ ఉంది. అందులో ఆయన తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. అక్కడ కూర్చుని కళ్ళు మూసుకుని, "ఇంకాస్త పదును కావాలి" అనో, "గొంతు బొంగురుగా ఉంది" అనో తీర్పు చెప్పేస్తాడు. ఆ తీర్పుకి అప్పీలు లేదు. గర్వపడాల్సిన చెవులే మరి! ఒకప్పుడు పక్కింటి గేటు కిర్రుమన్నా చాలు, వాళ్ళు పిలవకపోయినా నూనె డబ్బా పట్టుకుని పరిగెత్తేవాడు.

ఆ చెవులు మందగిస్తున్నాయని ఆవిడకి మాత్రమే తెలుసు. ఏడాదిగా ఆయన సరిచేసిన ప్రతి జతా చెవిలో సూదులు గుచ్చినట్టు మోగుతోంది. సన్నటి ధ్వనులు తనకి అందక, అందేదాకా పెంచుకుంటూ పోతున్నాడు. ఈ మాట చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. అందుకని ఆయన బజారుకి వెళ్ళినప్పుడు డబ్బా వెనక మూత విప్పి, సన్నటి ధ్వనులు పలికే చిన్న స్పీకరుకి వెళ్ళే తీగలోని రెసిస్టరు తీసేసి, ఆ ధ్వనిని తగ్గించే ఇంకోటి పెట్టేది. ముందుగదిలో వాళ్ళు చాలా ఏళ్ళ కిందట చేసుకున్న పాత జత ఉంది. రెండూ ఒకేలా వినిపించేదాకా మారుస్తూ ఉండేది. కొన్నవాళ్ళు తెగ మెచ్చుకునేవాళ్ళు, ఈయన మీసం మెలేసేవాడు.

ఇవాళ ఆ పప్పులు ఉడికేలా లేవు. రకరకాల స్పీకర్లని మైకుతో కొలిచి, ఏది ఎలాంటిదో కొనేవాళ్ళకి రాసిపెట్టే ఒకాయన వస్తున్నాడు. ఆయన ముందు పెట్టే జతని డబ్బాలాయన పంతం పట్టి తీగలతో సహా తనే బిగించాడు.

"దీనికి నీ చెయ్యి తగలకూడదోయ్. మొత్తం నాదే" అన్నాడు.

పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్ళగానే ఆవిడ స్క్రూడ్రైవరు తీసింది. మూత ఊడివచ్చింది గానీ కడ్డీ ఇంకా వేడెక్కలేదు. అంతలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా మూత బిగించేసి వంటింట్లోకి పారిపోయింది. పరాయి మనిషి ముందు ఈ సంగతి బయటపడితే ఈయన మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటాడా? ఆ కుర్చీ లేకపోతే ఈయనకి ఇంకేముంది?

గేటు కిర్రుమంది. ఆవిడ ఉలిక్కిపడి ఆయన వైపు చూసింది. ఆయన తీరిగ్గా తల దువ్వుకుంటున్నాడు. తలుపు తట్టాకే "ఎవరూ?" అన్నాడు.

కొలతలాయన మర్యాదస్తుడు. ఒక కంపెనీ జత తెచ్చి పక్కన పెట్టాడు. కుర్చీ జరిపి, ఆ చోట స్టాండు మీద మైకు నిలబెట్టాడు.

"ముందు రెండింటి చప్పుడూ సమానం చెయ్యాలండీ. కాస్త గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది మనకి. చెవి అలా మోసపోతుంది" అన్నాడు.

"నా చెవి మోసపోదులెండి" అని డబ్బాలాయన నవ్వాడు. ఆవిడ చేతిలోని గుడ్డ నులుముతూ గుమ్మంలో నిలబడింది.

కొలతలాయన లాప్‌టాప్ మీద మీట నొక్కాడు. డబ్బాలోంచి బొంగురు కూత ఒకటి మొదలై పైకి, ఇంకా పైకి పాకింది. కూత ఈలయింది, ఈల సన్నబడింది.

"అయిపోయిందిగా, రెండోది పెట్టండి" అంటూ డబ్బాలాయన మైకు ముందుకి నడిచాడు.

కొలతలాయన కంగారుగా చెయ్యెత్తాడు. "ఇంకా మోగుతోందండీ!"

డబ్బాలాయన నిలబడిపోయాడు. డబ్బా వైపు చూశాడు, తర్వాత భార్య వైపు చూశాడు. ఆ ఈల భరించలేక ఆవిడ కళ్ళు చిట్లించి ఉంది.

మళ్ళీ మొదటినుంచి కొలిచారు. తెర మీద కంపెనీ జత గీత దాదాపు సమంగా సాగింది. వీళ్ళది సన్నటి ధ్వనులుండే చివరికి వచ్చేసరికి గుట్టలా పైకి లేచింది.

"చిన్న స్పీకరు పాడైందేమో" అన్నాడు డబ్బాలాయన. కొత్తది బిగించి చూశాడు. గుట్ట కదల్లేదు.

"ముందుగదిలో జత పట్రా" అన్నాడు.

ఆవిడ తెచ్చింది. పాత జత గీత ఆ చివరిదాకా సమంగా ఉంది. ఆయన రెండు గీతల్నీ మార్చి మార్చి చూశాడు.

"సామాను అదే, చేసినవాణ్ణీ నేనే" అన్నాడు చివరికి. "ఇది డబ్బా గీత కాదండీ. నా చెవి గీత."

కొలతలాయన తల దించుకున్నాడు. "ఈ జత గురించి రాయన్లెండి."

"రాయండి. ఉన్నది ఉన్నట్టే రాయండి."

కొలతలాయన వెళ్ళిపోయాడు. "మరి ఇన్నాళ్ళూ అమ్మినవాటిని ఎవరూ ఒక్క మాట అనలేదేం?" అని అడిగాడు డబ్బాలాయన.

"నేను మార్చాను" అందావిడ.

"నన్నింత వెర్రివాణ్ణి చేస్తావా!" ఆయన కేకకి కిటికీ అద్దాలు అదిరాయి.

"చెప్తే ఆ కుర్చీ వదిలేస్తారని భయమేసిందండీ" అని ఆవిడ ఏడ్చేసింది.

కోపం దిగేదాకా ఆయన గదిలో అటూ ఇటూ తిరిగాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"మన గేటు ఏడాదిగా కిర్రుమంటోంది. కావాలనే నూనె వెయ్యలేదు. రోజూ తీసి, మూసి, మీ మొహం చూస్తున్నాను, ఏ రోజైనా విని లేస్తారేమోనని."

ఆయన కుర్చీ ఎత్తుకెళ్ళి వరండాలో గేటుకి ఎదురుగా వేశాడు.

"కూర్చో."

ఆవిడ భయంభయంగా అంచున కూర్చుంది. ఆయన నూనె డబ్బా తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. బందుకి రెండు చుక్కలు వేసి, గేటు మెల్లగా తీసి, ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఇప్పుడో?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కుర్చీలో వెనక్కి సర్దుకుని కూర్చుని, చెవి గేటు వైపు తిప్పింది.

"ఇంకా ఉందండీ. ఇంకాస్త వెయ్యండి."