మునిలక్ష్మి చుట్టిన జపాను పికప్

మునిలక్ష్మికి మనుషులంటే చులకన. మోటార్లు కాల్చుకుని వచ్చే రైతులంటే చులకన, వాటిని కాల్చే కరెంటంటే చులకన, "ఎప్పుడిస్తావు" అని అడిగేవాళ్ళంటే మరీ చులకన. చిత్తూరు బస్టాండు వెనక సందులో తన అంగడి ముందు కూర్చుని, కాలిన మోటారులోంచి నల్లబడిన తీగ పెరుకుతూ, "దీన్ని మళ్ళా బాయికాడికి ఎత్తకపోవద్దు. దూడను కట్టేసుకో, కదలకుండా ఉంటాది" అని రైతు మొహం మీదే అనేది.

నన్నూ ఆమె గౌరవించింది లేదు. నా పేరు బాలసుబ్రమణ్యం, చిత్తూరు కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాని. సాయంత్రాలు ఒక పాటకచేరీ పార్టీలో టుంబా డ్రమ్ములు వాయించేవాణ్ణి. "పగలంతా ఒగరు రాసింది సూసి రాస్తావు, మాపిటేల ఒగరు పాడితే తోలు కొడతావు. నీదంటూ ఒక పని ఉండాదా?" అని ఒకసారి అడిగింది.

ఆ అంగడికి మొదట "చిన్నబ్బ మోటారు వైండింగ్" అనే బోర్డు ఉండేది. చిన్నబ్బ ఆమె మొగుడు. వైండింగ్ గురించి అతనికి ఆ బోర్డు మీద ఉన్నంతే తెలుసు. బెంచీ మీద కాలు మీద కాలేసుకుని రైతులతో బెల్లం ధర మాట్లాడేవాడు. లోపల గడప దగ్గర కూర్చుని తీగ చుట్టేది, కొసలు కలిపేది, వార్నీషు పెట్టి ఆరబెట్టేది మునిలక్ష్మి. పని అయిన మోటారు మీద ఎర్ర పెయింటుతో పేరూ తారీఖూ రాయడం ఆ వృత్తిలో ఆచారం, గ్యారంటీకి అదే సాక్ష్యం. పదేళ్ళ పాటు ఆమె చేతి పని మీద ఆమే స్వయంగా "చిన్నబ్బ" అని రాసింది.

డెబ్బై ఏడులో కామెర్లతో చిన్నబ్బ పోయాడు. పని తెలిసిన చెయ్యి పోయిందని రైతులు తెగ బాధపడ్డారు. బాధపడి, ఎదురుగా అతని తమ్ముడు ధనంజయ తెరిచిన కొత్త అంగడికి నడిచారు. ధనంజయ చుట్టిన మోటార్లు కొన్ని వెనక్కి తిరిగేవి, కొన్ని ఏడ్చేవి. అయినా జనం అక్కడే మూగారు. అతనికి మీసం ఉంది మరి. "ఆడమనిషి మోటారు సుట్టేదేందప్పా" అని ఒకడు అనగా నా చెవులతో విన్నాను. ఆ అన్నవాడి బావిలో ఆరేళ్ళుగా తిరుగుతున్నది మునిలక్ష్మి చుట్టిన మోటారే. అలాంటి మేధావులున్న జిల్లా మాది.

ఆమె బోర్డు చెరిపించి తన పేరు రాయించుకుంది. ఆ రోజు నుంచి అంగడికి ఈగలు తప్ప ఎవరూ రాలేదు. వేసవిలోగా పని రాకపోతే అంగడి మూసేసి, పాకాలలో తమ్ముడి ఇంట్లో వండిపెడుతూ బతకాలి. ఆ తమ్ముడు అప్పటికే రెండుసార్లు వచ్చి, ఏ సామాను ఎవరికి అమ్మొచ్చో చూసుకుని పోయాడు.

ఇక మా పార్టీ నాయకుడు సంపత్కుమార్ సంగతి. తిరుపతిలో ఆఫీసు ఉద్యోగం, చెవులు కప్పే జుట్టు, నేల ఊడ్చే ప్యాంటు. గిటారు వాయించడం కంటే గిటారు భుజాన వేసుకుని బస్సులో నిలబడటం అతనికి బాగా వచ్చు. పైన పటారం, లోన లొటారం. మద్రాసులో కొన్న ఆ గిటారుకు ఒకటే పికప్ ఉండేది. పికప్ అంటే తీగల కింద బిగించే చిన్న డబ్బీ. అందులో అయస్కాంతం, దాని మీద వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు. పైన ఇనప తీగ వణికితే ఆ చుట్లలో కరెంటు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయరు నాదం చేస్తుంది. అతని పికప్ బాగా కింద, తీగలు బిగించిన చోట ఉండేది. అక్కడి నాదం రేకు మీద గులకరాళ్ళు పోసినట్టుంటుంది. "గిటారు మెడ దగ్గర ఇంకో పికప్ ఉంటే నా వాయింపే వేరుగా ఉంటుందయ్యా" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అనుకునేవాణ్ణి. కానీ మెడ దగ్గర నాదం గుండ్రంగా, నిండుగా వస్తుందనే మాట మాత్రం నిజం.

డెబ్బై తొమ్మిది మాఘమాసంలో చిత్తూరు మామిడి మండీ యజమాని ఒకాయన కూతురి పెళ్ళిలో మా కచేరీ కుదిరింది. దానికి మూడు వారాల ముందు నేనే సంపత్కుమార్‌ను మునిలక్ష్మి దగ్గరికి తీసుకుపోయాను.

"అచ్చం ఇలాంటిదే ఇంకోటి చేసిపెట్టమ్మా, కొలతలు కూడా ఇవే," అన్నాడు ఉన్న పికప్ చూపించి.

ఆమె తీగను కింద ఒకసారి, మెడ దగ్గర ఒకసారి మీటింది. నూలుదారంతో రెండు చోట్లా తీగల మధ్య ఎడం కొలిచింది.

"ఇదే కొలతకు సేస్తే నీ తీగె యాడో, దాని కిందుండాల్సిన నా ఇనుము యాడో ఉంటాది సామీ. పైకి పోయేకొద్దీ తీగెలు దగ్గిరికొస్తా ఉండాయి, సూడలేదా? ఎన్నేండ్లుగా వాయిస్తా ఉండావు?"

"ఆరేళ్ళు."

"ఆరేండ్లు," అని ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

"మెడ కాడ తీగె శానా ఊగుతాది. కిందున్న దానికన్నా సుట్లు తగ్గించాల. లేకుంటే కడవలో మూతిపెట్టి మాట్లాడినట్టుంటాది. సేస్తాను. నాకు దుడ్లు వద్దు. పెండ్లికి ఈ తట్టు రైతులంతా వస్తారు. మైకులో ఒక్క మాట సెప్పు, ఇది సుట్టింది బస్టాండు ఎనక సందులో మునిలక్ష్మి అని. అంతే."

"అదెంత పనమ్మా!" అని సంపత్కుమార్ గిటారు మీద చెయ్యేసి మాటిచ్చాడు.

గిటారూ ఆంప్లిఫయరూ ఆమె అంగట్లోనే పెట్టి వెళ్ళాడు. కోర్టు కాగానే నేను రోజూ అక్కడికి పోయి కూర్చునేవాణ్ణి. పాత వాల్వు రేడియో ట్రాన్స్‌ఫార్మరు విప్పి సన్నతీగ తీసింది. పగిలిన లౌడ్‌స్పీకరు అయస్కాంతం ముక్కలు అరగదీసింది. తీగకొకటి చొప్పున ఆరు ఇనప స్క్రూలు దారం కొలతకు బిగించింది. తీగ చుట్టేటప్పుడు నూరు చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టేది. నలభయ్యో గింజ దగ్గర తీగ తెగితే రేడియోను, దాన్ని చేసినవాణ్ణి, దాంట్లో వార్తలు విన్నవాణ్ణి కలిపి తిట్టి మళ్ళీ మొదలుపెట్టింది.

డెబ్బై గింజలకు పికప్ తయారైంది. నన్ను తీగ మీటమంది. మోటారు బేరింగు వినేటప్పుడు చేసినట్టే, స్క్రూడ్రైవరు మొన గిటారు కట్టెకు, పిడి తన చెవికి ఆనించి విన్నది. తర్వాత ఆంప్లిఫయరులో విన్నది.

"కట్టెలో ఉండే సద్దు డబ్బాలో రాలేదు. ఇంగా తీయాల," అంది.

నూరేసి చుట్లు విప్పి, ఒక్కో గింజ వెనక్కి తీస్తూ పోయింది. అరవై నాలుగు గింజల దగ్గర మీటమంటే మీటాను. నా ఒళ్ళు పులకరించింది. డ్రమ్ముల మోతకు పాడైన నా చెవులకే అంత హాయిగా ఉంటే మిగతావాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. "ఊఁ, ఇది," అని ఆమె గింజలు ఎత్తి డబ్బాలో పోసింది.

పెళ్ళిరోజు మధ్యాహ్నం సంపత్కుమార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. పికప్‌ను గిటారుకు బిగించే ముందు ఆమె దాని అడుగున ఎర్ర పెయింటుతో పేరూ తారీఖూ రాసింది.

"లోపలెవరు చూస్తారమ్మా?" అని నవ్వాడు.

"రిపేరుకు ఇప్పినోడు సూస్తాడు. ఇంగా పచ్చిదే ఇది, వార్నీషు పెట్టలేదు. పచ్చి సుట్లు గట్టి సద్దుకు అదిరి కూస్తాయి. రేపు మర్సిపోకుండా ఎత్తకరా."

సాయంత్రం ఆమె చిలకాకుపచ్చ చీర కట్టుకుని వచ్చి ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చుంది. ఆ రంగు చీరలో ఆమెను నేనెప్పుడూ చూడలేదు. సంపత్కుమార్ మెడ పికప్ మీద ఒక నిదానం పాట ఎత్తుకున్నాడు. తాంబూలాలు పంచేవాళ్ళు కూడా ఆగిపోయారు. పాట అయిపోగానే చప్పట్లు. అతను మైకు అందుకున్నాడు.

"ఈ నాదం రహస్యం చెప్తాను. ఇది జపాను నుంచి ప్రత్యేకంగా తెప్పించిన పికప్!"

నా డ్రమ్ముల ముందు కూడా ఒక మైకుంది. నోటికి జానెడు దూరం. పార్టీలోంచి తీసేస్తాడన్న భయంతో నేను నోరు మెదపలేదు. సంపత్కుమార్‌ను తిట్టుకునేటప్పుడల్లా నాకిప్పటికీ ఈ జానెడు దూరం గుర్తొస్తుంది. మునిలక్ష్మి లేచి, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది.

వార్నీషుకు సంపత్కుమార్ ఎలా వెళతాడు? జపాను సరుకును బస్టాండు వెనక సందుకు తీసుకుపోతే పదిమంది చూడరూ? అట్లాగే వాయించుకుంటూ తిరిగాడు. పెళ్ళిళ్ళ చిన్న స్పీకర్లకు దాని పచ్చితనం బయటపడలేదు. ఇక్కడ మునిలక్ష్మి అంగడికి పని రాలేదు. గంగ జాతర కాగానే సామాను పాకాలకు చేరవేయాలని తమ్ముడు రోజు కూడా పెట్టేశాడు.

జాతరలో మాదే కచేరీ. చుట్టుపక్కల పల్లెలన్నీ దిగాయి. సంపత్కుమార్ గొప్పకు పోయి మనిషెత్తు స్పీకర్లు బాడుగకు తెప్పించాడు. రెండో పాటలో వాల్యూము పెంచగానే గిటారు కీచుమని అరిచింది. తగ్గిస్తే వినపడదు, పెంచితే అరుపు. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి, చివరికి మైకులో ఏమన్నాడో వినండి.

"జపాను సామాను కదండీ, మన చిత్తూరు కరెంటు దానికి పడటం లేదు!"

జనం ఈలలు వేశారు. "ఏమయ్యా బాలసుబ్రమణ్యం, ఎక్కడో వైరు లూజయింది, విప్పి చూడు," అని నా మీద పడ్డాడు. అడుగున ఏముందో అతను మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. స్క్రూలు విప్పి పికప్ తిరగేశాను. ఎర్ర అక్షరాలు చెక్కుచెదరలేదు. ఈసారి మైకు దగ్గరికి నోరు తీసుకెళ్ళాను.

"మునిలక్ష్మి, చిత్తూరు, తొమ్మిది రెండు డెబ్బై తొమ్మిది," అని చదివాను.

"జపానులో మునిలక్ష్మి ఎవురప్పా?" అని ముందు వరుసలోంచి ఒకడు అరిచాడు. జాతరంతా నవ్వింది. ఇంతలో జనం మధ్యలోంచి మునిలక్ష్మి కొంగు బిగించుకుని వచ్చి వేదిక ఎక్కింది. సంపత్కుమార్‌ను చూడనైనా చూడలేదు. కరెంటు పోతే వెలిగించడానికి పెట్టుకున్న కొవ్వొత్తులు నాలుగు తీసుకుంది. పక్కన టీ అంగడి పొయ్యి మీద గిన్నెలో కరిగించి, పికప్‌ను చుట్ల సందుల్లో మైనం పట్టేలా అందులో ముంచి, బుడగలు ఆగిందాకా పట్టుకుంది. అన్ని పల్లెల రైతులూ మెడలు సాచి ఆ చేతులనే చూశారు. ఆరాక తనే బిగించి, "పెంచు," అంది నాతో. వాల్యూము కడదాకా తిప్పాను. కీచు లేదు. తీగ మీటితే ఆ స్పీకర్లలోంచి వచ్చిన నాదానికి కొబ్బరికాయలు అమ్మేవాళ్ళు కూడా తలెత్తారు.

"ఇది జాతర వరకే. వార్నీషు పెట్టించుకోవాల," అని దిగిపోయింది. సంపత్కుమార్ ఎప్పుడూ వెళ్ళలేదు. జపానులో కూడా మైనమే వాడతారని తిరుపతిలో చెప్పుకుని తిరిగాడని విన్నాను. ఆ వారమే నన్ను పార్టీలోంచి తీసేశాడు.

జాతర మరునాడు పొద్దున్నే సందుకు పోయాను. అంగడి ముందు రెండు ఎద్దులబండ్లు, మూడు మోటార్లు. ఎదురుగా ధనంజయ మీసం దువ్వుకుంటూ ఖాళీగా కూర్చున్నాడు. పాకాల తమ్ముడు వచ్చినవాడు వచ్చినట్టే తిరిగిపోయాడట. ఆమె తీగ పెరుకుతూనే ఉంది, తలెత్తలేదు. నేను, "నిన్న నేను మైకులో గట్టిగా చదివాను కాబట్టి సరిపోయింది," అన్నాను.

మునిలక్ష్మి తలెత్తింది. రైతులను చూసే చూపే అది.

"పెండ్లినాడు సెప్పాల్సింది జాతరలో సెప్పినావు. అదీ నీ మాట కాదు," అంది. "రాసింది నేను. నువ్వు సదివినావు, అంతే."