దగ్గరివాళ్ల జాబితా

మా చెల్లికి విశాఖపట్నం సంబంధం కుదిరింది. పెళ్లికి మూడు వారాల ముందు ఫోన్ చేసి, కిరండూల్లో మన క్వార్టర్లోనే బ్రైడల్ షవర్ చెయ్యాలంది. దాని ఆఫీసులో పెళ్లయ్యే అమ్మాయిలందరికీ స్నేహితులు చేశారట. ఆదివారం పదకొండింటికి, టిఫినూ భోజనమూ కలిపి బ్రంచ్. కాబోయే అత్తగారూ ఆడపడుచూ కూడా వస్తామన్నారట.

నాన్నకి చెబితే, "షవరేటే? మంగళస్నానాలు పెళ్లి దగ్గర కదా సేయిస్తారు?" అన్నారు. నాన్న కిరండూల్ ఇనుప గనిలో ఫిట్టరు.

"స్నానం కాదు నాన్నా. కబుర్లు, ఆటలు, తిండి. అంతే."

"మరి స్నానం పేరెందుకూ?"

నా కాపురం బచేలిలో. ఆటోలో అరగంట. అమ్మ లేని ఇల్లు గనక ఏర్పాట్లన్నీ నా మీద పడ్డాయి. పడ్డాయని ఇప్పుడంటున్నాను గాని, అప్పుడు లోపల గర్వంగానే ఉంది.

చెల్లి పిలవాల్సినవాళ్ల జాబితా పంపింది. దగ్గరివాళ్లే, ఇరవై మంది దాటొద్దంది. అందులో మొదట ఉన్నది బాయమ్మ.

ఇక్కడ ఇళ్లలో పనికొచ్చే ఆడవాళ్లని బాయి అంటారు. ఆ మాటకి 'అమ్మ' అని చేర్చింది మా చెల్లే. బాయమ్మ కొండ కింద గూడెం నుంచి రోజూ నడిచి వచ్చేది. అమ్మ పోయేనాటికి చెల్లికి నాలుగేళ్లు, నాకు పదమూడు. నాన్న డ్యూటీకి వెళ్తే చెల్లికి నీళ్లు పోసి, అన్నం తినిపించి, పక్కన పడుకోబెట్టుకున్నది ఆమే. నేను రమ్మంటే చెల్లి వచ్చేది కాదు. ఆమె కొంగు పట్టుకుని నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూసేది. సొంత అక్కని, నేనేం తక్కువ చేశానని ఏడ్చేదాన్ని. ఆ కోపం ఎన్నేళ్లు దాచుకున్నానో నాకే తెలియదు.

కుర్చీలు పద్దెనిమిదే ఉన్నాయి. పెళ్లికొడుకు తల్లి ఫోన్లో, "అందరూ మీవాళ్లేగా?" అని అడిగారు. రెండూ సాకులే. నేను జాబితాని కాగితం మీద మళ్లీ రాసుకున్నాను. రాసేటప్పుడు బాయమ్మని వదిలేశాను.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. "బాయి లేదేటి?"

"ఎలాగూ వంటింట్లో ఉంటుంది కదా నాన్నా. పిలవడమెందుకు?"

కాగితం తిరిగి ఇచ్చేసి, "నీ ఇష్టం" అన్నారు.

ఆదివారం ఏడింటికే బాయమ్మ వచ్చింది. ఆకుపచ్చ చీర కొత్తది, ఇంకా మడతలు పోలేదు. మెడలో వెండి దండ. అంతకు ముందెప్పుడూ మా ఇంటికి అది పెట్టుకుని రాలేదు. "పాప ఫోన్ సేసిందమ్మా. నా పక్కనే కూకోవాలి అంది" అని నవ్వింది.

"సరేలే బాయమ్మా, ముందా ఉల్లిపాయలు కోసి పెట్టు" అన్నాను.

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కొంగు నడుముకి దోపుకుని కత్తిపీట ముందు కూర్చుంది. అటుకులతో పోహా చేసింది, పెసరట్లు పోసింది. జిలేబీలు బజారు నుంచి తెప్పించాను. పదకొండింటికి అందరూ వచ్చేసరికి ఆమె చీర ముందుభాగమంతా పిండి. చెల్లి నిమిషానికోసారి వంటింటి వైపు చూసింది. ఆడపడుచు ఏదో అడగడం, అది తల తిప్పి జవాబు చెప్పడం. లేవలేదు.

తిన్నాక ఆట పెట్టాను. పెళ్లికూతురి గురించి ఎవరికి ఎంత తెలుసో చూసే ఆట. ప్రశ్నలూ జవాబులూ చీటీల మీద నేనే రాశాను. ఇష్టమైన రంగు, మొదటిసారి బడి ఎగ్గొట్టిన రోజు, ఇలాంటివి. అందరూ బాగా నవ్వారు. ఆరో చీటీ తీశాను. "చిన్నప్పుడు మా చెల్లి అన్నిటికన్నా దేనికి భయపడేది?"

చీకటికని ఒకరన్నారు. లెక్కల మాస్టారికని ఇంకొకరు.

"రైలు కూతకి."

బాయమ్మ. టీ కప్పుల పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. "కూత వినబడితే సాలు, నా కడుపులో తల పెట్టి దాక్కునేది. మా అమ్మని తీసుకుపోయిందది, మళ్లీ వస్తంది అనీది."

అమ్మని విశాఖపట్నం ఆసుపత్రికి రైల్లోనే తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. ఇంటి వెనకే లైను. రోజూ ఖనిజం బళ్లు కూస్తూ పోయేవి. నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. నాకు తెలియదు.

చెల్లి ముఖం చూశాను. తెల్లగా పాలిపోయింది. అది చాలు నిజమని తెలియడానికి.

నేను చీటీ చూసి, "తప్పు. బల్లికి" అన్నాను.

అందరూ నవ్వారు. పెళ్లికొడుకు తల్లి నా వైపు వంగి, "ఎవరమ్మా ఆవిడ?" అని అడిగారు.

"మా ఇంట్లో పనిచేస్తుందండీ."

చెల్లి విన్నది. తలొంచుకుని గాజులు సర్దుకుంది. బాయమ్మ అందరికీ వరసగా టీ ఇచ్చింది. నాకూ ఇచ్చింది. గిన్నెలన్నీ తోమి బోర్లించి, తినమంటే ఆకలి లేదని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

పెళ్లికి నాలుగు రోజులుందనగా చెల్లి ఫోన్ చేసి, ఆమెను తీసుకురమ్మని ఏడ్చింది. వెళ్లాను. గూడెంలో ఇంటి ముందు ఇప్పపూలు ఆరబోస్తోంది. చాప వేసి, మంచినీళ్లిచ్చి, నేను చెప్పిందంతా విన్నది.

"అక్కడ ఎవరైనా నేనెవర్నని అడిగితే ఏటి సెప్తావమ్మా?"

మా అమ్మలాంటిదని చెప్తానని అనొచ్చు. నోటిదాకా వచ్చింది. అలా అంటే అది పిలవడానికి చెప్పే మాటలా ఉంటుందని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నీళ్ల గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

బాయమ్మ రాలేదు. పెళ్లి బాగానే జరిగింది. ఆ తర్వాత చెల్లితో ఒకసారి ఫోన్లో మాటా మాటా పెరిగింది.

"లిస్టు నువ్వే మార్చావు" అంది.

"నీ కాళ్లకేమైంది ఆ రోజు? లేచి ఆవిడ పక్కకి వెళ్లలేకపోయావా?" అన్నాను.

"వెళ్లాల్సింది" అంది. అంతకన్నా నన్ను తిట్టినా బాగుండేది.

ఈ మధ్య అది ఒక్కతే వచ్చి, ముందు గూడేనికి వెళ్లి, రెండు రోజులు అక్కడే ఉండి, తర్వాత నాన్నని చూసి తిరిగి వెళ్లిపోయింది. బచేలి మీదుగానే వెళ్లాలి. మా ఇంట్లో ఆగలేదు. వచ్చిన సంగతి నాన్న చెబితే తెలిసింది.