అరగదీసిన అంచు

డుంబ్రిగుడ దగ్గర కాఫీ గింజలు ఆరబెట్టే షెడ్డులో మా పరిశోధన పరికరం ఉండేది. రెండు అల్యూమినియం పలకలు, వాటి మధ్య గింజల పళ్లెం. వోల్టేజీ ఎక్కించగానే పలకల నడుమ గాలి ఊదారంగులో వెలుగుతుంది. అదే ప్లాస్మా. గింజలకు బూజు పట్టకుండా చూడటం దాని పని. ఆ వెలుగును కంప్యూటర్లో లెక్కకట్టి చూపడం నా పని. అరకులో గది అద్దెకు తీసుకుని మూడు వారాలుగా అదే చేస్తున్నాను, లెక్క మాత్రం తేలడం లేదు.

ఇలాంటి లెక్కలో కంప్యూటర్ మొదట ఒక జవాబు ఊహించుకుని, అందులోని తప్పును విడతలు విడతలుగా తగ్గించుకుంటూ పోవాలి. చివరికి జవాబు ఒకచోట నిలవాలి. నా లెక్కలో తప్పు కాసేపు తగ్గేది. అంతలోనే పలక మూల దగ్గర ఎలక్ట్రాన్ల సంఖ్య అమాంతం పెరిగిపోయి మొత్తం ఆగిపోయేది. వోల్టేజీని మెల్లమెల్లగా పెంచి చూశాను. కాలాన్ని ఇంకా చిన్న ముక్కలు చేశాను. లెక్క కోసం బొమ్మను విడగొట్టిన గళ్లను మూల దగ్గర ఇంకా సన్నం చేశాను. గళ్లు సన్నమయ్యేకొద్దీ ఆ అంకె ఇంకా పెరిగేది. తెలివున్నదానికైతే ఆ మూల మీదే అనుమానం రావాలి. నాకు కోపం వచ్చింది.

సోమవారం మా గైడ్ మేడమ్ కమిటీ ముందు ఈ ఫలితం చూపించాలి. దాని మీదే నా థీసిస్ గడువు పొడిగింపు ఆధారపడి ఉంది. ఆవిడ కేకలు వేసే మనిషి కాదు, "వచ్చిందా?" అని మాత్రం అడిగేవారు. ఫోన్ మోగితే చాలు, ఎత్తేముందు ఏం చెప్పాలో వెతుక్కునేదాన్ని.

గురువారం నా ఓపిక చచ్చిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఎలక్ట్రాన్లను కృత్రిమంగా పలచబరిచే సెట్టింగ్ ఒకటుంటుంది. ఏ కొంచెమో వాడాలి, మించితే వచ్చేది నిజమైన జవాబు కాదు. నేను దాన్ని చివరిదాకా పెంచేశాను. లెక్క బుద్ధిమంతురాలిలా నిలిచింది. అంచు దగ్గర అందమైన శిఖరంతో గ్రాఫ్ వచ్చింది, పంపేశాను. "శభాష్" అని మెసేజ్ వచ్చింది. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు మేడమ్ పరికరం ఫోటోలు కూడా అడిగారు. పొద్దున్నే షెడ్డుకు వెళ్లాను. కరెంటు తీయించి, పై పలక మీద దుమ్ము తుడుస్తుంటే అంచు నున్నగా తగిలింది. డ్రాయింగులో అది కత్తిరించినట్టు నిటారు మూల. నేను కంప్యూటర్లో గీసిందీ అదే. చుట్టూ తడిమాను. నాలుగు పక్కలా గుండ్రంగా ఉంది.

గింజలు ఆరబెట్టే ఆడవాళ్లకు పెద్ద దిక్కయిన, అందరూ పిన్ని అనే ఆవిడను పిలిచాను. ఆవిడ అప్పటికే సంచి చంకన పెట్టుకుని ఉంది.

"పిన్నీ, ఈ అంచు ఏమైంది?"

"ఏటవుద్ది? పళ్లెం తీసినప్పుడల్లా సేతికి గీసుకుంతంది. కొడవలి నూరే రాయెట్టి అరగదీసేసినాను. బేగి సూసుకో, సంతకెళ్లాల."

"నాకు చెప్పలేదేం?"

"నీకు తెల్దేటమ్మా? నా ఏలికి గుడ్డ కట్టినావు కదా!"

కట్టాను. పరికరం పెట్టిన మొదటి వారంలో, ఆవిడ వేలి నుంచి రక్తం కారుతుంటే నేనే కట్టాను. కట్టి వెళ్లి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ వేలిని కోసిందేమిటో మళ్లీ ఆలోచించలేదు.

గదికి వచ్చి మూలను గుండ్రంగా గీశాను. ఆ సెట్టింగ్‌ను మామూలుకు దించాను. మధ్యాహ్నానికి లెక్క తనంతట తానే నిలిచింది. పదును పోయాక అక్కడ ఎలక్ట్రాన్లు పోగుపడే చోటే లేదు, శిఖరమూ లేదు. షెడ్డులో లేని మూలతో ఇన్నాళ్లూ కుస్తీ పట్టానన్నమాట. సంతోషించే వీలు లేదు. పాత గ్రాఫ్ అప్పటికే మేడమ్ స్లైడ్లలో ఉంది.

నేనే ఫోన్ చేశాను. అంచు సంగతి చెప్పాను, కొత్త గ్రాఫ్ పంపుతున్నానని చెప్పాను. ఆవిడ మెచ్చుకున్నారు కూడా. ఫోన్ పెట్టేసి ఉంటే అక్కడితో అయిపోయేది. ఇంతలో ఆవిడ మామూలుగానే అడిగారు.

"మరి పాతది ఎలా నిలిచింది? అది తప్పని నీకెప్పుడు తెలిసింది?"

'ఇవాళ పొద్దున్నే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పంపేటప్పుడే తెలుసు మేడమ్" అన్నాను.