మారు వడ్డన

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్ మధ్యాహ్నం మా సిటీ బస్సును దిల్‌సుఖ్‌నగర్‌లో ఆపేశారు. ఆకలికి ఆగలేక, షట్టర్ సగం దించిన బిర్యానీ హోటల్లోకి వంగి దూరాను. మాది తెనాలిలో కిరాణా కొట్టు. నా యాస ఎవరి చెవిన పడినా చిక్కేనని భయపడి, నోరు మెదపకూడదనుకున్నాను. కానీ కొట్టు బుద్ధి ఊరుకోదు కదా. సర్వర్ రాగానే, "మారు వడ్డిస్తారాండీ?" అని అడిగేశాను. మా వైపు భోజన హోటళ్ళలో కడుపు నిండేదాకా వడ్డిస్తారు మరి.

ఎదురుగా ఉద్యమ కండువాతో కూర్చున్న పెద్దాయన తినడం ఆపాడు.

"ఏ ఊరు తమ్మీ?"

"ఎల్బీనగర్ వెళ్ళాలండీ."

"పోయేది కాదు, ఒచ్చింది అడుగుతున్న."

అంతలో ఎవరో షట్టర్ మీద దబదబా బాదారు. నలుగురు కుర్రాళ్ళు వంగి చూశారు.

"హోటల్ తెరిచిండ్రేంది? ఎవరున్నరు లోపల?"

నేను బల్ల మీదికి తల వంచేశాను.

"నేను, మా తమ్ముడు. తిని ఒస్తం, మీరు నడువుండ్రి," అన్నాడాయన. వాళ్ళు వెళ్ళిపోయారు.

నా ప్లేటు వచ్చింది. పైనున్న తెల్లన్నంలో పక్కనిచ్చిన సాలన్ పులుసు పోసి సాంబారన్నంలా కలపబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"గట్ల పిసుకుతరా? అడుగుకెల్లి తియ్యాలె. మసాలా కిందుంటది."

తర్వాత తన ప్లేటులో ముట్టని వైపంతా నా ప్లేటులోకి తోశాడు.

"గిదే నీ మారు. ఇగ మాట్లాడకు, తిను."

బేరమాడకుండా నేను తీసుకున్నది అదొక్కటే. ఇప్పుడు ఎల్బీనగర్‌లోనే ఉంటున్నాను. బిర్యానీ అడుగు నుంచే తింటాను. ఎదుటి ప్లేటులోకి తొయ్యడం మాత్రం ఇంకా చేతకాలేదు.