పాము పక్షాన సోమలింగం

సోమలింగం మీద నాకు మొదటి రోజే ఒళ్లు మండింది. ఎన్నిసార్లు చెప్పినా మాస్కు గదవ కిందికి లాగేవాడు.

2021 ఏప్రిల్. మా గుజరాతీ నగరంలో, ఆల్థాన్ పేటలోని ఒక కల్యాణమండపంలో పరుపులు పరిచి కొవిడ్ సెంటర్ చేశారు. నేనక్కడ నర్సును. పెద్దాసుపత్రుల్లో మంచాలు దొరకక ఊపిరాడని వాళ్లనూ మా దగ్గరికే తెచ్చేవారు. ఒక్క తోడు మనిషిని లోపలికి రానిచ్చేవాళ్లం. అలా దగ్గర్లోని బమ్రోలి నుంచి బామ్మర్ది రఘుపతిని ఆటోలో వేసుకొచ్చాడు సోమలింగం.

ఇద్దరూ నగరం బయట జోల్వాలో సాంచాలు నడిపేవాళ్లు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. పదిహేడేళ్ల వయసులో సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చిన సోమలింగం ఇరవై ఎనిమిదేళ్లు ఆ మోతలోనే నిలబడ్డాడు. చెవులు సగం పోయాయి. బామ్మర్దివీ అంతే. పని సంగతులకు సైగలు, మిగతా కబుర్లకు ఎదుటివాడి పెదాలు చూడటం వాళ్లకు అలవాటు. మూతికి గుడ్డ కడితే ఇక మాటే లేదు.

రఘుపతి ఆక్సిజన్ ఎనభై నాలుగు. బోర్లా పడుకుంటే కాస్త పెరిగేది. కానీ పది నిమిషాలు ఉండేవాడు కాదు. భయంతో ఆక్సిజన్ మాస్కు పీకేసి లేచి కూర్చునేవాడు. మీటర్‌లో అంకె చూపించి, ఇలాగైతే దక్కడని సోమలింగం చెవి దగ్గర అరిచి చెప్పేశాను.

అతను నేల మీద చతికిలబడ్డాడు. బామ్మర్ది మొహానికి ఎదురుగా మొహం పెట్టి, తన మాస్కు కిందికి లాగాడు.

"రఘుపతీ, కోడిని దింపుతవా లేదా? నా పాము వచ్చింది."

నాకేమీ అర్థం కాలేదు. తర్వాత అతనే చెప్పాడు. వాళ్ల గదిలో ఎనిమిది మంది. సెలవునాడు ఫోన్‌లో కొట్లాట ఆట పెట్టుకునేవారట. అందులో ఎప్పుడూ కండలవాళ్లే గెలవడం సోమలింగానికి నచ్చదు.

"కండలున్నోడు గెలుసుడు గూడ ఒక ఆటనా బిడ్డా? గెలువరానోళ్లను దింపాలె."

అందుకే వేరే వేరే ఆటల్లో ఎవరూ లెక్కచెయ్యని వాళ్లను ఏరుకొచ్చి, నోటితోనే ఒక కొత్త కొట్లాట కట్టాడు. బండ్ల పందెంలో అడ్డొచ్చే పాల ట్యాంకరు, లూడోలో ఇల్లు కదలని ఎర్రకాయ. తనది పాత బటన్ ఫోన్‌లోని పాము. రఘుపతిది పొలం ఆటలో గుడ్లు పెట్టే కోడి. పక్కన మనుషులు పోతుంటే ఈ కోడి గోలేమిటని నాకు చిరాకేసింది.

కానీ రఘుపతి బోర్లా తిరిగాడు. చెయ్యి చాపి రెండు వేళ్లు విడదీశాడు. పోగు తెగిందని సాంచా దగ్గర చేసే సైగ అది. కోడి పామును నరికిందన్నమాట.

"తెగితే తెగనీ, సగం పాము చాలు నీకు!" అన్నాడు సోమలింగం.

షరతు ఒక్కటే. ఆక్సిజన్ మాస్కు తీసినా, వెల్లకిలా తిరిగినా కోడి ఓడినట్టు. చచ్చినా ఓడనంటాడు రఘుపతి. ఆట అయిపోతే లేచి కూర్చుంటాడని సోమలింగం దాన్ని అవ్వనివ్వలేదు. పాము గోడకు గుద్దుకుని చచ్చేది, మళ్లీ లేచేది. కోడికి ఎక్కడో ఒక గుడ్డు మిగిలేది. ఇలా ఆరు రోజులు.

"కాకా, మాస్క్ ఉపర్ కరో! నీకూ అంటుకుంటుంది," అని అరిచేదాన్ని.

"పైకి గుంజితె వానికి నా మాట కనవడది బిడ్డా. జర ఓపిక పట్టు."

మూడో రోజు ఎనభై తొమ్మిది. ఆరో రోజు తొంభై మూడు. ఏడో రోజు పొద్దున సోమలింగం గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. వేలికి మీటర్ పెడితే డెబ్బై ఒకటి. జ్వరం మూడు రోజుల నుంచీ దాచాడట. రోజూ గొంతు చించుకున్న నేను ఒక్కసారైనా ఆ నుదుటి మీద చెయ్యి పెట్టి చూడలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

రఘుపతి నిద్రలో ఉండగానే అంబులెన్స్ ఎక్కించాం. మూడు ఆసుపత్రుల్లో మంచం లేదన్నారు. నాలుగో దాని గేటు దగ్గర ప్రాణం పోయింది.

మధ్యాహ్నం రఘుపతి తనంతట తాను లేచి కూర్చున్నాడు. మనిషి తేటపడ్డాడు.

"బావ ఏడి సిస్టర్? పాము వంతొచ్చింది."

"చనిపోయాడు," అన్నాను. అతను నా మాస్కు వంక చూసి నవ్వి, చెవి ముందుకు పెట్టాడు. గొంతు పెంచి మళ్లీ అన్నాను. ఏమిటన్నట్టు చెయ్యి ఊపాడు. మూడోసారి, ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

హాల్లో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. అందరికంటే ఆఖరున విన్నది రఘుపతే.