కవులకు కాపలా: అబిడ్స్‌లో నాలుగు ఆదివారాలు

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నాంపల్లి స్టేషన్ ముందు రిపోర్ట్ చేశాను. మార్చి నెల. ఎండ నెత్తి మీద ఉంది. గాలి లేదు. వెంట తెచ్చిన సామాను: నీళ్ల సీసా, విజిల్, ప్రథమ చికిత్స డబ్బా, పెళ్లిళ్లకు మైకులు పెట్టే ఆయన ఇచ్చిన రెండు వాకీటాకీలు. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో పనిచేసి సుబేదార్‌గా దిగిపోయిన వాణ్ణి. ఈసారి నాకు అప్పగించిన దళం పదహారు మంది కవులు.

సంగతి ఇది. అంతకు పది రోజుల ముందు ఒక అబద్ధపు వీడియో ఫోన్లలో తిరిగింది. పక్కపక్కన ఉన్న రెండు గల్లీల వాళ్లు, ఒకటి తెలుగు వాళ్లది, ఒకటి ఉర్దూ వాళ్లది, పట్టపగలే షట్టర్లు దించుకున్నారు. ఒకరితో ఒకరు మాటలు మానేశారు. అప్పుడు తెలుగు కవులు, ఉర్దూ కవులు కూడబలుక్కున్నారు. నాలుగు ఆదివారాలు స్టేషన్ నుంచి అబిడ్స్ దాకా కలిసి నడవాలి. పాత పుస్తకాలు అమ్మే ఫుట్‌పాత్ మీద నిలబడి శాంతి కవితలు చదవాలి. దీన్ని మొదలుపెట్టింది మా వెనక వాటాలో ఉండే రిటైరైన తెలుగు పంతులమ్మ.

"మా కవులకు లైన్ల నడుసుడు రాదు సుబేదార్ సాబ్. జర మీరు రావాలె" అంది.

బందోబస్తుకు వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టర్ ఆదేశం స్పష్టంగా ఉంది. నాలుగున్నర నుంచి ఆరు దాకా. "ఇయ్యాల సాఫ్‌గ అయితే మిగిలిన మూడు వారాలకు పర్మిషన్. లొల్లి అయిందంటే గిదే ఆఖరు."

మూడున్నరకు కదిలాం. ఇద్దరిద్దరుగా నిలబెట్టాను. స్టేషన్ రోడ్డు దాటకముందే వరుస చెదిరింది. వెనక కాపు మైక్ ఆయనది. నా వాకీటాకీ గరగరలాడింది.

"సాబ్, తోక తెగింది. ముగ్గురు గాయబ్."

"ఎక్కడ?"

"ఇరానీ హోటల్ల. ఒకాయనకు లైన్ తట్టిందట, కాయితం అడుగుతున్నడు."

"తీసుకురా."

"చాయ్ చెప్పిన్రు సాబ్. నాకు గూడ చెప్పిన్రు."

నాలుగూ ఇరవైకి అబిడ్స్ చేరాం. ఆదివారం కాబట్టి చాలా దుకాణాలు మూసి ఉన్నాయి. వాటి ముందు ప్లాస్టిక్ పట్టాల మీద పుస్తకాల కుప్పలు. అమ్మేవాళ్లు రెండు పట్టాలు జరిపి మాకు పన్నెండు అడుగుల చోటు ఇచ్చారు. జనం రెండు వందల దాకా ఉంటారు. రెండు గల్లీల వాళ్లూ వచ్చారు. చెరో వైపు నిలబడ్డారు. మధ్యలో ఖాళీ.

చదివే వరుస వేసే పని నాది. కవులు తమలో తాము వేసుకుంటే తెల్లవారినా తేలదని పంతులమ్మ నవ్వుతూ చెప్పింది. వయసు ప్రకారం రాశాను. పెద్దవారికి మొదటి తాంబూలం. మా ఇంట్లో పద్ధతి అదే. మొదటి పేరు అందరూ ఉస్తాద్ అని పిలిచే ఉర్దూ కవిది. ఎనభై ఏళ్లు. గడియారాలు బాగుచేస్తాడు. వచ్చిన ఉర్దూ కవుల్లో సగం మంది ఆయన శిష్యులు. మైక్‌లో ఆయన పేరు పిలిచాను.

ఒక శిష్యుడు లేచాడు.

"మొదలు మా ఉస్తాద్‌నా? ఏం, ఆయన నిన్ననే కలం పట్టిండా?"

ఇంకో ముగ్గురు లేచారు. పంతులమ్మ నా చొక్కా చేయి పట్టుకుంది. "గిదేం జేసిన్రు సాబ్? ఉర్దూ కవుల ముషాయిరాల చిన్నోళ్లు ముందు సదువుతరు. ఉస్తాద్‌ది ఆఖరు నంబర్. ముందు పిలిస్తే నువ్వు కొత్తోనివి అన్నట్టు."

నాలుగూ ముప్ఫై ఏడు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. జనం ఫోన్లు పైకి లేచాయి. వీళ్లు వెళ్లిపోతే, ఉర్దూ కవిని అవమానించారని చీకటి పడకముందే ఊరంతా చూస్తుంది. ఈసారి వీడియో అబద్ధం కూడా కాదు.

అక్కడికి రెండు వందల అడుగుల దూరంలో మా ముత్తాత దేవిడీ ఉండేది. ఇప్పుడు బట్టల దుకాణాలు. మా తాత ఒక్క అధికారి ముందు తప్పు ఒప్పుకొని ఉంటే ఆ ఇల్లు మిగిలేదట. ఆయన ఒప్పుకోలేదు. కిరాయి గదుల్లో కూడా మేం ఆ మాట తల ఎత్తుకొనే చెప్పుకున్నాం. మాఫీ అన్న మాట నా నోట ఎప్పుడూ రాలేదు. ఆ మాట రావడానికి పది సెకన్లు పట్టింది.

మైక్ ముందు సావధాన్‌లో నిలబడ్డాను.

"తప్పు నాది. మీ రివాజు తెలుసుకోలేదు. ఉస్తాద్ గారూ, అందరి ముందు మాఫీ అడుగుతున్నాను. ఇక్కడ అందరికన్నా కొత్తవాణ్ణి నేను."

ఉస్తాద్ ప్లాస్టిక్ కుర్చీలోంచి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"కొత్తోనివా?"

"ఔ."

"అయితే సదువు. మొదటి నంబర్ నీదే."

జనం గొల్లున నవ్వారు. వాకీటాకీలో మైక్ ఆయన గొంతు: "ఇరుక్కున్నరు సాబ్. ఓవర్."

జన్మలో కవిత రాయలేదు. రిపోర్ట్ ఇవ్వడం ఒక్కటే వచ్చు. అదే ఇచ్చాను.

"మంచు కొండ. పొద్దున ఆరున్నర. పొగమంచు తొలగింది. ఎదుటి పోస్టులో ఒకడు సగం గడ్డం గీసుకొని ఉన్నాడు. నా చేతిలోనూ రేజర్. నాదీ సగమే అయింది. ఇద్దరం చూసుకున్నాం. ఇద్దరం మిగతా సగం గీసుకున్నాం. రిజిస్టర్‌లో రాశాను: శత్రువు కదలిక లేదు."

జనంలోంచి ఎవరో "వాహ్" అన్నారు. ఉస్తాద్ చెయ్యి ఎత్తాడు.

"ముకర్రర్."

"మళ్ల సదువుమంటున్నడు" అంది పంతులమ్మ. కళ్లు తుడుచుకుంటోంది, నవ్వుతోంది.

మళ్లీ చదివాను. బస్సుల మోతకు వినపడక రెండు వైపుల వాళ్లూ ముందుకు జరిగారు. మధ్యలో ఖాళీ పోయింది. లేచిన శిష్యులు కూర్చున్నారు. పదహారు మందీ చదివారు. ఉస్తాద్ అందరికన్నా ఆఖరున, అయిదూ యాభై రెండుకు. సరిగ్గా ఆరుకు ముగించాం.

"వచ్చే వారం గిదే టైమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా కానిస్టేబుల్ ఒకడు రాస్తడు. ఓ నంబర్ వెయ్యిన్రి."

"మొదటిదే వేస్తాను" అన్నాను.

మిగిలిన మూడు వారాలూ జరిగాయి. గల్లీలు పూర్తిగా చల్లబడ్డాయని చెప్పను. షట్టర్లు మాత్రం లేచాయి. నాలుగో ఆదివారం ఆరూ పదికి డ్యూటీ దిగి, వాకీటాకీలు అప్పగించి, నాంపల్లిలో నా గదికి నడిచి వచ్చాను.

ఒకటి మాత్రం నన్ను వదలదు. ముషాయిరాలో చదివేవారి ముందు వెలిగించిన కొవ్వొత్తి పెడతారు. శిష్యులు ఒకటి తెచ్చి ఉస్తాద్ కుర్చీ దగ్గర వెలిగించారు. ఆ మొదటి ఆదివారం రెండోసారి చదువుతూ కిందికి చూశాను. ఉస్తాద్ కుర్చీ దిగి ఫుట్‌పాత్ మీద మోకాళ్లు ఆన్చి కూర్చున్నాడు. కొవ్వొత్తిని నా బూట్ల ముందుకు జరిపి, బస్సుల గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ ఎండలో మంట కనపడలేదు. ఆయన అరచేతుల లోపల మాత్రం ఎర్రగా వెలుగుతోంది.